బసవయ్యగారి వంతెన

జగ్గయ్యపేట,
ఆగస్టు 1979.

ప్రియమైన అన్నయ్యకి,

నమస్కారాలు. మీ బావ కర్మకాండ అయ్యాక నువ్వు భిలాయి వెళ్ళిన దగ్గర్నుంచీ రాయాలనుకుంటూనే ఉన్నాను. పిల్లలు బడికి వెళ్తున్నారు. నాకే ఇంట్లో కాలు నిలవడం లేదు. పొద్దున్నే వేదాద్రి దారిలో వాగు దగ్గరికి పోతున్నాను. మీ బావ మొదలుపెట్టిన వంతెనకి స్తంభాలు లేచాయి, పైన స్లాబు ఒక్కటే మిగిలింది. మొన్న వానకి వాగు పొంగితే, అవతలి ఊరివాళ్ళు నొప్పులు పడుతున్న మనిషిని మంచంమీద మోసుకొచ్చి గట్టునే ఆగిపోయారు. ఆమె అక్కడే, చినుకుల్లోనే కన్నది. ఆ కేక విన్నాక ఈ పని వదలబుద్ధి కావడం లేదు.

కానీ నోటీసు వచ్చింది. కాంట్రాక్టరు చనిపోయాడు కనుక ఒప్పందం రద్దట. మిగిలిన పనికి మళ్ళీ టెండర్లు పిలుస్తారట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన వెంట పనులమీద తిరిగాను. ఇనుము కట్టించడం, కాంక్రీటు కలిపించడం నాకు తెలుసు. ఆ మాట ఎవరికి చెప్పుకోను?

నిన్న నందిగామ వెంకటరత్నంగారు వచ్చారు. కాంట్రాక్టర్ల అఖిల భారత సంఘానికి మన జిల్లా కార్యదర్శి. మీ బావా అందులో సభ్యుడే. ఈ వంతెన పనికి ఆయనతో పోటీపడి ఓడిపోయింది కూడా ఈయనే. స్తంభాలన్నీ టేపు పెట్టి కొలిపించుకుని, నాతో ముక్క మాట్లాడకుండా జీపెక్కి వెళ్ళిపోయారు. “ఆయన కన్ను పనిమీద పడిందమ్మగారూ,” అన్నాడు మన మేస్త్రీ ఇశ్రాయేలు.

వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
ప్రమీల


భిలాయి,
సెప్టెంబరు 1979.

ప్రియమైన ప్రమీలకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి మీ వదిన అన్నం ముట్టలేదు. మొండితనం వదిలెయ్యమ్మా. ఆ వ్యాపారంలో ఒకడు పడిపోతే ఇంకొకడు వాడిమీదుగా నడిచి పోతాడు. సంఘం అంటావా, పెద్దవాళ్ళు దండలు వేయించుకోవడానికి పెట్టుకున్నది. కొలతలు తీసుకున్నాడంటే టెండరు వేస్తాడనే అర్థం. ఇక్కడ తెలుగు బడి ఉంది. మన క్వార్టర్లో ఒక గది నీకూ పిల్లలకీ ఖాళీ చేయించాను. బావ పరువుగా బతికాడు. ఆఫీసుల గుమ్మాల ముందు నువ్వు నిలబడితే చూడలేను.

నీ అన్నయ్య,
భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
అక్టోబరు 1979.

ప్రియమైన అన్నయ్యకి,

నువ్వన్నట్టే ఉంది వరస. టెండర్లు పిలిచారు. నిన్న వెంకటరత్నంగారు ఇంటికే వచ్చారు. మజ్జిగ ఇచ్చాను. గ్లాసు కింద పెట్టి, “ఆ స్లాబు నువ్వు వేయించగలవా అమ్మాయ్?” అని అడిగారు.

“వేయిస్తా బాబాయిగారూ. చెయ్యనిస్తే.”

“ఇశ్రాయేలు నీతో ఉంటాడా?”

“ఉంటానన్నాడండి.”

“సరే,” అని లేచారు. ఎందుకు అడిగారో చెప్పలేదు. నేను అడ్డం పడతానేమో చూసుకోవడానికి వచ్చారని నా అనుమానం. వారంలో టెండర్లు తెరుస్తారు. పని ఆయన చేతికి పోతే, పిల్లల్ని తీసుకుని నీ దగ్గరికే వస్తాను. సామాను సర్దడం మొదలుపెట్టాను. మీ బావ చెప్పుల దగ్గర ఆగిపోయాను.

ప్రమీల


భిలాయి,
నవంబరు 1979.

ప్రియమైన ప్రమీలకి,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. టెండర్ల సంగతి తేలిపోయే ఉంటుంది. దిగులుపడకు. సెలవు దొరకగానే వచ్చి మిమ్మల్ని తీసుకొస్తాను.

భవానీప్రసాద్


జగ్గయ్యపేట,
ఫిబ్రవరి 1980.

ప్రియమైన అన్నయ్యకి,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకు. రాయడానికి తీరికే లేకపోయింది. మమ్మల్ని తీసుకెళ్ళడానికి రావద్దు. చూసి వెళ్ళడానికి రా.

ఆ రోజు ఆఫీసులో పెట్టె తెరిస్తే అందులో ఒక్క టెండరూ లేదు. వెంకటరత్నంగారిదీ లేదు. సభ్యుడు చనిపోతే, ఆ ఇంటివాళ్ళు పని చేస్తామన్నంతవరకూ తాము చెయ్యి పెట్టకూడదని బెజవాడలో సంఘంవాళ్ళందరూ కూర్చుని అనుకున్నారట. ఆయన తీసుకున్న కొలతలు ఢిల్లీలో సంఘం పెద్దలకి పంపించడానికి. ఎంత పని అయిందో, ఎంత మిగిలిందో వాళ్ళకి తెలియాలి కదా. అక్కడి నుంచి ఇద్దరు వచ్చారు. ఒకాయన రిటైరైన ఇంజనీరు, మన భాష ఒక్క ముక్క రాదు. అయినా రెండో తరగతి పెట్టెలో నిలబడి వచ్చాడు, ఎన్నడూ చూడని మీ బావ బసవయ్య కోసం. నన్నూ హైదరాబాదు తీసుకెళ్ళారు. ఇతర రాష్ట్రాల్లో వారసులకి పని ఎలా అప్పగించారో ఆ పెద్దాయన సర్కారు పెద్ద ఇంజనీరుగారికి ఓపిగ్గా వివరించాడు. ఊరికో కాంట్రాక్టరు విడివిడిగా వెళితే ఆ గదిలో కుర్చీ కూడా వెయ్యరు, అన్నయ్యా. దేశమంతా ఒక్క గొంతుతో అడిగితే వింటారు.

“ఈవిడ చెయ్యలేకపోతే?” అన్నారు పెద్ద ఇంజనీరుగారు.

వెంకటరత్నంగారు లేచి, “నేను పూర్తి చేసిస్తానండి. అదీ జరక్కపోతే నా పేరు కూడా కాంట్రాక్టర్ల జాబితాలోంచి తీసెయ్యండి,” అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని.

“ఢిల్లీవాళ్ళు ఏమంటారో నాకే తెలీదుగా. నీకు ఆశ పెట్టి, తర్వాత కాదంటే నువ్వు ఏమైపోతావు?” అన్నారు.

అనుమతి వచ్చింది. స్లాబు వేసే రోజున ఆయన తన మిక్సరు పంపించి, తలకి తువ్వాలు చుట్టుకుని మాతోపాటే ఎండలో నిలబడ్డారు. కానీ ఒక్కసారి కూడా నా కూలీలకి తను పని చెప్పలేదు. ఇశ్రాయేలు ఏదైనా అడిగితే, “అమ్మగారిని అడుగు,” అనేవారు. నిన్న స్లాబు కింది సెంట్రింగు చెక్కలు విప్పాం. అవతలి ఊరి మొదటి బండి దాటుతుంటే నాకు ఏడుపొచ్చింది. మీ బావ పోయాక, అంత తేలిగ్గా ఏడవడం ఇదే మొదటిసారి.

సంఘంలో నన్నూ చేర్చుకున్నారు. పరిటాల దగ్గర బడి గదులకి టెండరు వేశాను. వెంకటరత్నంగారూ వేశారు. “ఈసారి వదలను అమ్మాయ్, గట్టిగా లెక్కేసుకున్నా,” అని నవ్వారు. నేనూ గట్టిగానే లెక్కేసుకున్నాను.

నీ చెల్లెలు,
ప్రమీలారాణి, కాంట్రాక్టరు