తిరగని చుట్టు

శనివారం, రాత్రి

ఇండియా సెయిలింగ్ జట్టు ఎంపిక రేసు గెలిచాను. కానీ చివరి మలుపులో, నీళ్ళలో గుర్తుగా కట్టిన నారింజ రంగు బుడగకు నా పడవ తగిలింది. తగిలితే శిక్షగా పడవతో అక్కడే ఒక చుట్టు తిరగాలి. ఎవరూ చూడకపోయినా ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవాలి. వెనకే శ్రావణి తరుముకొస్తోంది. నేను తిరగలేదు.

తొమ్మిదేళ్ళప్పుడు, మొదటి రేసులో ఇలాగే తగిలితే తిరిగాను. ఆఖర్న వచ్చాను. స్టీల్‌ప్లాంట్ డ్యూటీ దిగి వచ్చిన నాన్న, కారణం విని నన్ను భుజాలమీద ఎక్కించుకున్నాడు.

ఈ సాయంత్రం క్వార్టర్స్‌లో స్వీట్లు పంచుతూ మళ్ళీ ఆ కథే చెప్పాడు. ఈ మనిషికి ఇవాళే గుర్తు రావాలా?

"ఎవులూ సూళ్లేదు బావా, అయినా తిరిగీసింది మా పిల్ల!"

పక్కింటి మావయ్య నావైపు తిరిగాడు. "మరి ఇయ్యాల ఎన్ని సుట్లు తిరిగినావమ్మా?"

"ఒక్కటీ తిరగలేదు మావయ్యా."

ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

పొద్దున్నే పేర్లు ఢిల్లీకి వెళ్ళిపోతాయి. జరిగింది కోచ్‌కి మెసేజ్‌లో రాసి, పంపకుండా కూర్చున్నాను. ఇంతలో రెండో స్థానంలో వచ్చిన శ్రావణి నుంచి మెసేజ్.

"కంగ్రాట్స్ అక్కా. బుడగకి అంత దగ్గరగా పోయి కూడా తగలకుండా ఎలా దాటీసినావ్? నాకూ నేర్పవా?"