కబురు ఎవరికి చెప్పమన్నాడు

మూడో తేదీ

ప్రియమైన వదినకి,

ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో సూటిగా చెప్తాను. అన్నయ్య జైల్లో ఉన్నాడు. పదహారున మళ్ళీ జడ్జి ముందుకు తెస్తారు. ఆ రోజు బెయిలు అడగాలి. ఈలోగా మనిద్దరం మాట్లాడుకోవాలి. ఫోనులో అయితే నిన్నటిలాగే అరుచుకుని పెట్టేస్తాం.

ముందు నువ్వు తెలుసుకోవాల్సినవి. అరెస్టు చేసేటప్పుడు కారణం చెప్పి తీరాలి. అతను కోరిన ఒకరికి కబురు పంపాలి. అతను కోరుకున్న లాయరుతో మాట్లాడనివ్వాలి. నేరం ఒప్పుకోమని బలవంతం చేయకూడదు, కొట్టకూడదు. ఏమీ చెప్పకుండా ఊరుకునే హక్కు కూడా అతనికి ఉంది. ఒక రోజు తిరిగేలోగా జడ్జి ముందు నిలబెట్టాలి. వీటిలో ఏది జరిగింది, ఏది జరగలేదు? నువ్వు చూసినదంతా రాయి.

ఇక రెండో సంగతి. కబురు ఎవరికి చెప్పాలని వాళ్ళు అడిగితే అన్నయ్య నీ పేరు చెప్పాడు. మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. చట్టం చదివాను. ఏడాదిగా నల్లకోటు వేసుకుంటున్నాను. నా బల్ల మీదే ఫోను ఉంది. అయినా నువ్వు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటికి కబురు వెళ్ళింది. నాకు మర్నాడు నీ నోటివెంట తెలిసింది.

ఇది రాయకూడదనుకున్నాను. రాసేశాను.

నీ ఆడపడుచు

*

ఐదో తేదీ

ప్రియమైన లాయరమ్మకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చట్టం కోసం, రెండోసారి కోపం కోసం.

ఆ రోజు ఒకాయన మన తాళాల కొట్టుకి వచ్చి, ఇంటి తాళంచెవి పోయిందన్నాడు. మీ అన్నయ్య పద్ధతి నీకు తెలుసుగా. ఇరుగుపొరుగు వచ్చి "ఈ ఇల్లు ఈయనదే" అంటే తప్ప తెలియని వాళ్ళ తాళం ముట్టుకోడు. ఆ ఇంటి పై అంతస్తులో ఉండే టీచరమ్మ తొంగిచూసి, "ఆయన ఇల్లే కదయ్యా, ఎండలో ఎందుకు నిలబెట్టావు?" అని కసిరింది. ఈయన తీశాడు. తీరా చూస్తే ఆయన భార్య ఆయన్ని ఇంట్లోంచి పంపేసి నెల అయిందట. టీచరమ్మకి తెలియదు. ఆయన ఆవిడ నగలు పట్టుకుని మాయమయ్యాడు. తీసిన చేతులు మాత్రం దొరికాయి.

నేను స్టేషనుకి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు కాగితం చూపించి, "సంతకం పెట్టి ఇంటికెళ్ళు" అంటున్నాడు.

"మా చెల్లి చెప్పింది సార్, చదవకుండా పెట్టకూడదని."

"అయితే చదువు."

"చదవడం రాదు సార్."

"మరెలాగయ్యా?"

"అందుకే పెట్టను సార్. మిగతాది లాయరు వచ్చాకే."

కానిస్టేబులుకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. చెప్పులు గుమ్మం బయట విడవమని ఐదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, ఒక్కరోజు విన్న పాపాన పోలేదు. నువ్వు పరీక్షలకి గట్టిగా చదువుకుంటుంటే, పక్కన తాళంచెవులు అరగదీస్తూ విన్న మాటలు మాత్రం కటకటాల వెనక కూడా గుర్తున్నాయి. కబురు నాకు వచ్చిందని ఏడుస్తున్నావు. ఆ మాటలు ఎవరివమ్మా?

కొట్టలేదు. మర్నాడు పొద్దున్నే జడ్జి దగ్గరికి తీసుకెళ్ళారు. జుట్టు నెరిసిన మంచి లాయరుని ఎవరినైనా చూడు.

నీ వదిన

*

ఎనిమిదో తేదీ

ప్రియమైన వదినకి,

మా సీనియరుగారిని పంపాను. ఆయనకి జుట్టు నెరవడం కాదు, పూర్తిగా ఊడిపోయింది. అన్నయ్య నమస్కారం పెట్టి, "నాకు లాయరు ఉన్నారండీ" అని వకాలతు కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపాడు.

ఎవరు వదినా ఆ లాయరు? మీ తమ్ముడు తెచ్చిన మనిషా? పెళ్ళయ్యాక అన్నయ్య చొక్కా రంగు నీ ఎంపిక. జుట్టు ఎలా కత్తిరించుకోవాలో నీ ఎంపిక. ఇప్పుడు లాయరు కూడా నీ ఎంపికేనా?

నేను జైలుకి వెళ్ళలేదు. పిలవని చోటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? కానీ పదహారున అతని తరఫున మాట్లాడేవాళ్ళు లేకపోతే ఇంకా ఎన్నాళ్ళు లోపలే ఉంచుతారో తెలియదు. ఆ పేరు చెప్పు, కాగితాలన్నీ ఆయనకే ఇచ్చేస్తాను. నా పౌరుషం కంటే అన్నయ్య బయటికి రావడం ముఖ్యం.

నీ ఆడపడుచు

*

తొమ్మిదో తేదీ

చిట్టీ,

మీ అన్నయ్య పిలిచే పేరుతో మొదటిసారి పిలుస్తున్నాను, కోప్పడకు.

స్టేషనులో ఆయన "లాయరు వచ్చాకే" అనలేదు. "మా చెల్లి వచ్చాకే" అన్నాడు. నావైపు తిరిగి, "కబురు నీకు చెప్పమన్నాను. లాయరు మాత్రం చిట్టి. వెంటనే రమ్మను" అన్నాడు. కబురు చెప్పాల్సిన మనిషి వేరు, లాయరు వేరని, రెండూ అడగొచ్చని నువ్వు చదవగా విన్నాడట.

నేను సగమే చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడాల్సింది. పోలీసు స్టేషనులో ఉన్నట్టే లేదు. మా పెళ్ళిలో కూడా అంత ధీమాగా లేడు. ఒళ్ళు మండింది. వేరే లాయరు విడిపిస్తే ఏం పోయిందనుకున్నాను. ఇన్ని రోజులు ఆయన్ని లోపల ఎదురుచూడనిచ్చాను.

టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. తను అన్నమాట కోర్టులో చెప్తానంది.

నువ్వు వెళ్ళు. నన్ను తర్వాత తిట్టు.

నీ వదిన

*

పదకొండో తేదీ

ప్రియమైన వదినకి,

తిట్టడానికి నాలుగు పేజీలు రాసి చింపేశాను. నిన్న వెళ్ళాను. నన్ను చూడగానే "ఇంత ఆలస్యమా?" అన్నాడు. పని ఎక్కువైందని చెప్పాను. నీ మాట ఎత్తలేదు.

కబురు నాకెందుకు పంపలేదని అడిగేశాను, ఉండబట్టలేక.

"నీకు చెప్తే చట్టం చూసుకుని వస్తావు. మీ వదిన అయితే ఏదీ చూసుకోకుండా వస్తుంది. ముందు మనిషి కావాలనిపించింది చిట్టీ, తర్వాత లాయరు."

వకాలతు మీద సంతకం పెట్టించబోతే చేయి వెనక్కి తీసుకున్నాడు. "చదువు ముందు." అక్షరం వదలకుండా చదివి వినిపించాకే పెట్టాడు.

కేసు గురించి చెప్పబోతే ఆపి ఏమడిగాడో తెలుసా? ఇంటి గొళ్ళెం బిగుసుకుపోయిందట, రాత్రుళ్ళు నీకు పడుతోందా, ఒక్క చుక్క నూనె వేయమన్నాడు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. నువ్వు సగం దాచావు కదా, ఇది నేను మొత్తం దాచేద్దామనుకున్నాను. చూడు, రాసేశాను.

ఇప్పుడు పని మాట. పదహారున టీచరమ్మని వెంటబెట్టుకుని పెందరాళే రా. కోర్టులో నా కుర్చీకి సరిగ్గా వెనక, మొదటి బెంచీ మీద కూర్చో. పక్కకి జరగకు. అన్నయ్యని లోపలికి తేగానే మనవైపు చూస్తాడు. ఎవరిని చూశాడో మనిద్దరిలో ఎవరికీ తెలియకూడదు.

అలా కూర్చుంటావో లేదో పద్నాలుగో తేదీలోగా నాకు అందేలా జవాబు రాయి.

నీ చిట్టి