బల్ల మారింది బావా

బావా,

ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు. నువ్వెళ్ళి ఏడాది దాటింది... మొన్న నీ సంవత్సరీకం కూడా అయిపోయింది. అక్క బాగానే ఉంది. బాగోలేనిది నేనే.

మన తణుకు క్లబ్బులో స్నూకర్ బల్ల తీసేశారు తెలుసా? ఆ చోట రెండు పూల్ బల్లలు వేశారు. పోయిన ఆదివారం నీ పేరు మీద పోటీ పెట్టి, మన ఇంటి తరఫున ఒక్కరిని ఆడమన్నారు.

నీ కూతురు శిరీష ఆడాలనుకుందట. కాకినాడలో చదువుకుంటూ పూల్ బాగా నేర్చుకుంది కదా. నేను దాన్ని అడగనైనా అడగలేదు. నీ క్యూ కర్ర పట్టుకుని పెళ్ళికొడుకులా బయల్దేరాను. నీ పక్కన ఏళ్ళ తరబడి ఆడినవాణ్ణి, నన్ను మించినవాళ్ళెవరని...

ఆటకి ముందు అది మెల్లగా చెప్పింది. స్నూకర్ కుషన్‌లా కాదు, ఇక్కడ అంచు రబ్బరు సైడుని, అంటే బంతిని పక్కన కొట్టి ఇచ్చే తిప్పుని, గట్టిగా పట్టేస్తుంది, మావయ్యా, నువ్విచ్చేదాంట్లో సగం చాలు అని. ఇది మీ నాన్న నేర్పిన ఆట అంటూ దాని నోరు మూయించాను. నీ పేరు చెప్పి మూయించాను బావా!

అసలు నువ్వు నేర్పిందేంటి? "ఒరేయ్ బామ్మర్దీ, బల్ల మారితే చెయ్యి మార్చాలిరా. లేకపోతే పరువు పోద్ది." ఇదే కదా? అప్పుడెందుకు గుర్తుకు రాలేదు?

ఫైనల్లో నల్లబంతి ఒక్కటే మిగిలింది. తెల్లబంతి మధ్య పాకెట్‌లో పడకుండా తప్పించాలని, మన పాత బల్ల మీద కొట్టినట్టే నిండా సైడు ఇచ్చి కొట్టాను. నల్లది పడింది. చప్పట్లు... నేను చెయ్యి కూడా పైకెత్తేశాను. ఈలోగా తెల్లబంతి కుషన్‌కి తగిలి, నేననుకున్న దానికన్నా ఎక్కువగా పక్కకి మళ్ళి, తిన్నగా మూల పాకెట్‌లోకి పోయింది. నల్లదాంతో పాటు తెల్లది పడితే ఓడినట్టే. ఎత్తిన చెయ్యి ఎలా దించుకోవాలో తెలియలేదు.

అంతకన్నా సిగ్గుచేటు ఇంకోటుంది. అందరూ నవ్వుతుంటే శిరీష ముందుకొచ్చి, బల్ల ఓ పక్కకి వాలి ఉందని, తప్పు మావయ్యది కాదని వాళ్ళతో వాదించింది. బల్ల శుభ్రంగానే ఉంది. దానికీ తెలుసు, నాకూ తెలుసు. నేను అవునవునని తల ఊపాను... ఛీ!

నిన్న నీ కర్ర తీసుకెళ్ళి దాని గదిలో పెట్టాను. మొహం చెల్లక, అది ఇంట్లో లేని టైం చూసి పెట్టొచ్చాను.

ఈ ఆదివారం క్లబ్బుకి వెళ్తాను. బల్ల బాగానే ఉందని అందరి ముందూ చెప్తాను. ఆ తర్వాత, సగం సైడు ఎలా ఇవ్వాలో నేర్పమని శిరీషనే అడుగుతాను. నేర్పుతుందంటావా?

పరువు పోగొట్టుకున్న
నీ బామ్మర్ది