సూడనీకి దుబాయ్

ఆదివారం రాత్రి, కాజీపల్లి

"సూడనీకి" అంటే ఒక్కడూ నమ్మడేం! మా దిక్కున "దుబాయ్ పోవుడు" అంటే కూలికి పోవడమే. ఏజెంటు లేకుండా మా ఆలుమగలిద్దరికీ చవగ్గా నేనే కుదుర్చుకున్నాను: నాలుగు రోజులు దుబాయ్, వాపసు వచ్చేటప్పుడు ముంబయి సముద్రం, అక్కడినుంచి రైలు.

ఇవాళ దావత్‌లో బామ్మర్ది అందరి ముందు అడిగాడు: "ఏంది బావా, కంపెనీల తీసేసిన్రా? గీ వయసుల గాడ ఏం పనిస్తరు?"

"ఒంటెలకు షిఫ్ట్ ఇన్‌చార్జిరా," అన్నాను. అందరూ నవ్వారు, మా యాదమ్మ తప్ప.

ఇంటికొచ్చాక అంది: "నా తమ్ముడే గట్లన్నడు. ఇగ వద్దు, టికెట్లు క్యాన్సిల్ చెయ్యి."

పెళ్లయిననాటి నుంచి ఆమె నోరు తెరిచి అడిగిన ఊరు దుబాయ్ ఒక్కటే. ఆ ఆశను చంపడానికి ఒక్క దావత్ చాలింది. రేపు పొద్దున్నే టికెట్లు... ఆగు, పిలుస్తోంది.

"ఏమయ్యా, అటక మీది పెద్ద పెట్టె జెర దించు!"

ఎందుకని అడగను. అడిగితే మళ్లీ వద్దంటుందేమో!