చప్పట్లు ఆగాక తిరిగిన టేపు

ఏమండీ,

మైకుసెట్టు వేసిన ప్రతి మీటింగునీ మీరు రికార్డు చేసి పెట్టుకున్న క్యాసెట్లు మీరు పోయాక రాజమండ్రి లైబ్రరీకి ఇచ్చాను. ఏ ప్రసంగాలు దాచాలో తేల్చడానికి ఇవాళ కమిటీ కూర్చుంది. టేపు వేసి ఏది ఎవరిదో చెప్పమని నన్నూ పిలిచారు.

పదవిలో ఉన్నవాడిది చరిత్రట, ఓడిపోయినవాడిది చెత్తట. పార్టీ మారినాయన పాత తిట్లయితే ముందు చెరిపేయాలట! వింటుంటే రోత పుట్టిందండీ.

తుఫాను తర్వాత గోదావరి లంకలో మంత్రి మాట్లాడిన మీ క్యాసెట్టు మీదే మొన్న లైబ్రరీవాళ్ళు ఆయన సన్మానం రికార్డు చేశారు. "ఇదండీ దాచాల్సింది," అన్నారు కమిటీ అధ్యక్షుడు గారు. వేశాను. దండలు, పొగడ్తలు, చప్పట్లు. సన్మానం అయిపోయినా టేపు తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత మీరు పట్టింది చెరగకుండా మిగిలే ఉంది. ప్రసంగం ముగిశాక కూడా ఆపకుండా జనం మాటలు పట్టడం మీ అలవాటు కదా.

ఉన్నట్టుండి ఒక ముసలావిడ గొంతు: "బాబూ, అన్నీ చెప్పారు గానీ, మంచినీళ్ళు ఎప్పుడొత్తాయండి?"

"అది ముఖ్యం కాదమ్మా, ఆపేయండి," అన్నారు అధ్యక్షుడు గారు.

నేను ఆపలేదు. ఆవిడ వెనకాల మీరు దగ్గుతున్నారు.