పెరటి పంచలో మూడు రోజులు

శ్రీమతే రామానుజాయ నమః

నగరి,
19-12-1982.

అమ్మకు గోద నమస్కారాలు పెట్టి వ్రాసుకొనేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నీ మోకాలి నొప్పి తగ్గిందనీ, చిన్నాయన తెచ్చిన తైలం రోజూ రాసుకుంటున్నావనీ తలుస్తాను. రాసుకోవడం లేదని తెలిసినా అలాగే తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చొని మూడు కాగితాలు చించేశాను. బస్సెక్కితే రెండు గంటల దారి, ఇంటికొచ్చి చెప్పరాదా అంటావు. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేకనే రాస్తున్నానమ్మా.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకే తింటున్నాను. ఇల్లుగలామె శకుంతలమ్మగారు మొన్న నా చారు రుచి చూసి, "అయ్యోరింటి చారు నీళ్ళ మాదిరే ఉండాది పాపా, వాసన మాత్రం బలే ఉండాది" అన్నది. మెచ్చుకున్నదో తిట్టిందో తెలియలేదు. పైజామా వేసుకొని నడిరోడ్డు మీద పరిగెత్తానని దేవనాథన్ చిన్నాయన నీకు చేరవేసిన మాట నిజమే. చంద్రగిరి కోట నుంచి తిరుపతి దాకా ఏడున్నర మైళ్ళు చీర కుచ్చెళ్ళు పట్టుకొని పరిగెత్తడం నావల్ల కాదు. ఆయన్ని ఒకసారి పంచె కట్టుకొని పరిగెత్తి చూడమను.

పందెంలో రెండో బహుమతిగా వచ్చిన స్టీలు చెంబు తెచ్చి ఇవ్వలేదేమని అడిగావు. దాని సంగతి చివర చెబుతాను.

ఉద్యోగం మానెయ్యమని మళ్ళీ రాశావు. క్షయ రోగుల నడుమ తిరిగి ఏం బావుకుంటావన్నావు. నేను చేసే పని నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇక్కడ మగ్గం నేసేవాళ్ళలో దగ్గు లేని ఇల్లు తక్కువ. మాత్రలు పద్దెనిమిది నెలలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. తగ్గింది కదా అని వీళ్ళు మాత్రల పొట్లం చూరులో దోపి మగ్గంలో కూర్చుంటారు. ఆరు నెలలు తిరక్కుండా రక్తం పడుతుంది. అందుకని మా క్షయ నివారణ సంఘం తరఫున నేను ఇంటింటికీ పోయి, ఎదురుగా నిలబడి మింగించి వస్తాను. చుట్టుపక్కల పల్లెలకు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాళ్ళు పనిలో దిగకముందే పట్టుకోవాలంటే పరుగే దారి. నాయన తోడు రాగా అలిపిరి రోడ్డులో పరిగెత్తిన కాళ్ళు ఇక్కడ పనికొచ్చాయి. వీపుకు సంచి కట్టుకొని పోతుంటే, "మాత్రల పాప వచ్చేసినాది, ఆరయింది లేయండి" అని ఒకరినొకరు లేపుకుంటారు.

తిరుపతిలో ఏ పెళ్ళికి పోయినా ఎవరో ఒకరు పక్కవాళ్ళ చెవిలో, "వేదవల్లి పెంచుకున్న పిల్ల" అనేవాళ్ళు. నువ్వు వెంటనే గొంతు పెంచి, "నా కడుపున పుట్టిందే" అనేదానివి. నీ ఉత్తరాలు కూడా 'నా కడుపున పుట్టిన గోదకు' అనే మొదలవుతాయి. వీధి వీధంతా ఎరిగిన అబద్ధాన్ని ఇరవై ఆరేళ్ళుగా జంకు లేకుండా చెబుతున్నావు. ఇక్కడ మాత్రం నన్ను ఎవరి బిడ్డవని ఎవరూ అడగలేదు. రోజూ ఏడెనిమిది మైళ్ళు పరిగెత్తేసరికి నన్ను నేను అడుక్కోవడం కూడా మానేశాను. మాత్రల పాపను, అంతే. ఆ పేరు నేను సంపాదించుకున్నది. అందుకే ఈ పని మానలేను, కోప్పడవద్దు.

ఇక నీ చివరి ప్రశ్న. నీ మాటలే తిరిగి రాస్తున్నాను. 'పన్నెండు రోజుల ముందే ఇంటికొచ్చి మూలన కూర్చొని పోయినావు. మళ్ళీ మీ నాయన తిథికి బయట చేరినావు. ఆ పాడు పరుగులకు గర్భసంచి జారి ఉంటుంది. లేడీ డాక్టరుకు చూపించుకో. నా దగ్గర దాచవద్దు.'

నా ఒంట్లో ఏ జబ్బూ లేదమ్మా. ఆ రోజు నేను బయట చేరలేదు. నీతో అబద్ధం చెప్పాను.

నాయన పోయే ముందు వారం, నువ్వు తులసికి నీళ్ళు పోయడానికి పోయినప్పుడు నన్ను దగ్గరకు పిలిచాడు. మన పెరుమాళ్ళకు చిన్న వస్త్రాలు నేయించడానికి తాను ఏటా నగరికి పోయేవాడట. నేసేది కోదండం అనే ఆయన భార్య చౌడేశ్వరమ్మ. నువ్వు ఇప్పటికీ శ్రావణంలో పెరుమాళ్ళకు కట్టే ఎర్రంచు వస్త్రం ఆమె నేసిందే. నన్ను ఆ ఇంటి నుంచే తెచ్చాడట, ఆ తర్వాత మళ్ళీ అక్కడికి పోలేదట. అంతా చెప్పి నా చెయ్యి పట్టుకొని, "మీ అమ్మకు మాత్రం తెలియనీయొద్దు గోదా. యాడి బిడ్డో తెలిస్తే ఎప్పుడో ఒకనాడు అడగొస్తారని దానికి భయం. అందుకే ఇన్నేండ్లూ నన్ను అడగనన్నా అడగలేదు" అన్నాడు. మాటిచ్చాను.

సంఘం వాళ్ళు నన్ను నగరికి వేశారని నీతో చెప్పాను. వాళ్ళు వేయలేదు, నేనే అడిగి వేయించుకున్నాను.

వచ్చిన మూడో రోజున రోగుల పట్టీలో ఆ పేరు కనబడింది. పోయేసరికి ఆమె గుంట మగ్గంలో కూర్చొని ఉంది. భర్త పోయి అయిదేళ్ళయింది, ముగ్గురు ఆడపిల్లలకూ పెళ్ళిళ్ళయ్యాయి. మాత్ర మింగడానికి గుంటలో నుంచి పైకి లేచినప్పుడు ఆమె కాళ్ళు చూశాను. చిన్నప్పుడు నాకు నూనె రాస్తూ నువ్వు ఎగతాళి చేసేదానివి, "ఇవేం పిక్కలే, మన వంశంలో ఎవరికీ లేవు" అని. ఆ పిక్కలు అక్కడ ఉన్నాయమ్మా. మగ్గం తొక్కి తొక్కి గట్టిపడి ఉన్నాయి.

ఏడాదిన్నర రోజూ ఆమెకు మాత్ర ఇచ్చాను. నేనెవరో చెప్పలేదు. ఒకరోజు ఆమే చెప్పింది: "నాకు ముగ్గురు కాదు పాపా, నలుగురు ఆడబిడ్డలు. ఆఖరుదాన్ని పదకొండో నాడే తిరపతి అయ్యోరికి ఇచ్చేసినా. అప్పటికే నాకీ దగ్గు పట్టుకొని ఉండె. పాలిస్తే బిడ్డ కూడా సచ్చిపోతాదన్యారు. ముద్దు గూడా పెట్టుకోలే. యాడుండాదో ఏమో, సల్లగా ఉంటే సాలు."

నా చేతిలో మాత్ర ఉంది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. నీకు చెప్పకుండా ఆమెకు చెబితే నీకు ద్రోహం చేసినట్టవుతుందనిపించింది. నాయన తిథికి ఎటూ ఇంటికి పోతాను, నీ కాళ్ళ దగ్గర కూర్చొని ముందు నీకు చెబుదాం, తర్వాత ఆమెకు చెబుదాం అనుకున్నాను. ఆ వరస నేను పెట్టుకున్నదే. తప్పంతా ఆ వరసలోనే ఉంది.

తిథికి ముందు ఆదివారం పందెం అయ్యాక చెంబు తీసుకొని ఇంటికి వచ్చాను కదా, పెరుమాళ్ళ తీర్థానికి ఉంచుదామని నువ్వు అడిగావు. నగరిలో చూపించి బుధవారం తెస్తానన్నాను. చూపించాలనుకున్నది ఆమెకే. సోమవారం పోయేసరికి మంచంలో ఉంది. మాత్రలు వాడుతున్నా పాత జబ్బు కదా, ఊపిరితిత్తులు అప్పటికే తినేసింది. చెంబు చూసి, "దీంతోనే నీళ్ళు పొయ్యి పాపా" అన్నది. మనింట్లో ఎవరమూ చెంబు పెదవికి ఆనించం. ఆమె రెండు చేతులా పట్టుకొని, నోటికి ఆనించి తాగింది. తర్వాత నా కాలి మీద చెయ్యి వేసి, "ఈ కాళ్ళతో ఎంత దూరం పరిగెత్తినావు?" అని అడిగింది. ఏడున్నర మైళ్ళన్నాను. "అంత దూరం పొయ్యి మళ్ళీ ఈడికే వచ్చినావే" అన్నది.

ఆమెకు తెలుసో తెలియదో నాకు తెలియదు. ఇక తెలిసే దారి కూడా లేదు. మంగళవారం పొద్దున నేను మాత్రలతో పోయేసరికి ఇంటి ముందు జనం ఉన్నారు.

ముగ్గురు కూతుళ్ళూ నెత్తిన నీళ్ళు పోసుకొని ఏడుస్తున్నారు. నేను సంచి పట్టుకొని వీధిలో నిలబడ్డాను. పెద్దామె నన్ను చూసి, "ఏం పాపా, మా కంటే నువ్వే ఎక్కువ ఏడస్తా ఉండావే" అన్నది. మంచి మనిషి. నా అక్క. అక్కా అనలేకపోయాను.

దత్తు పోయిన బిడ్డకు కన్నవాళ్ళ మైల మూడు రోజులేనని నాయన ఎవరికో చెబుతుండగా చిన్నప్పుడు విన్నాను. ఆ మూడు రోజులైనా పట్టాలనుకున్నాను. నలుగురిలో ఒకతి లెక్కలో లేకుండా పోకూడదనిపించింది. కానీ గురువారం నాయన తిథి. రాకపోతే నువ్వు తట్టుకోలేవు. వచ్చి మైల చేతులతో ఆయన తిథి గిన్నెలు ముట్టుకోలేను. బుధవారం గడప దగ్గర నువ్వు ఎదురొచ్చి కౌగిలించుకోబోతే, "ముట్టుకోవద్దమ్మా, పొద్దున్నే బయట చేరాను" అన్న మాట దానంతట అదే వచ్చింది. నీ ముఖం చిన్నబోయింది. "ఈ రోజే రావాల్నా ఇది" అన్నావు.

పెరటి పంచలో చాప వేశావు. తిథి నాడు బ్రాహ్మణుల కంట పడకూడదని నన్ను గోడ అవతల వసంతమ్మగారి పెరట్లో కూర్చోబెట్టావు. నాయన పేరు చెప్పి చిన్నాయన పిండాలు పెడుతుంటే గోడకు చెవి ఆనించి విన్నాను. ఆయనకిష్టమని నువ్వు చేసిన అతిరసాల వాసన గోడ దాటి వచ్చింది. వసంతమ్మగారు జాలిపడి, "పాపం, సొంత తండ్రి తిథికి కూడా నోచుకోకపోతివే బిడ్డా" అన్నది. పోయిన నా ఇద్దరి కోసం ఒక్కసారే ఏడ్చానమ్మా. నాయనకా, ఆమెకా అని విడదీసుకోవడం నాకు చేతకాలేదు.

మూడు రోజులూ నువ్వు దూరం నుంచి ఆకు జరిపి, వంగలేని మోకాలితో వంగి అన్నం వడ్డించావు. "ఎండిపోయినావే, ఇంకో ముద్ద తిను. మీ నాయన చూస్తే ఏడుస్తాడు" అన్నావు. కన్నతల్లి మైల పట్టిన బిడ్డకు నువ్వే అన్నం పెట్టావు. పెడుతున్నట్టు నీకు తెలియదు. నిన్ను మోసం చేసి ఆ అన్నం తిన్నాను. నాయనకిచ్చిన మాట తప్పాను, నీతో అబద్ధమాడాను, ఆమెకు నిజం చెప్పలేదు. ముగ్గురికీ అన్యాయం చేశాను.

ఆ చెంబు పెరుమాళ్ళ తీర్థానికి పనికిరాదు. ఎంగిలి చెంబు. నా పెట్టెలో ఉంది, కడగలేదు.

నీకు కోపం వస్తే తిట్టు. మూడు రోజుల మైలకు ఏదైనా ప్రాయశ్చిత్తం ఉంటే చిన్నాయనను అడిగి చెప్పు, చేస్తాను. ఇకమీదట 'నా కడుపున పుట్టిన' అని రాయడానికి చెయ్యి రాకపోతే, వట్టి 'గోదకు' అని మొదలుపెట్టు. నేను తప్పు పట్టను. కానీ రాయగలిగితే ఆ మాట ఇంకొక్కసారి రాయమ్మా. నన్ను కన్నానని నిజంగా చెప్పగలిగిన మనిషి పోయింది. అబద్ధంగానైనా చెప్పడానికి ఇక నువ్వొక్కదానివే ఉన్నావు.

ఇట్లు,
నీ చేతి అన్నంతో పెరిగిన
నీ కూతురు,
గోద.