పుష్పమ్మకు మిగిలిన ఐదు నెలలు

పెద్దమందడి,
ఫిబ్రవరి 3

ప్రియమైన రవీ,

ఫోన్‌లో చెబితే నువ్వు అడ్డం మాట్లాడతావు. అందుకే రాస్తున్నాను. జిల్లా పరిషత్ మెంబరు పదవికి రాజీనామా చేస్తున్నాను.

మీ అక్క పుష్ప పోయిన నాలుగు నెలలకే ఆమె సీటుకు నన్ను నిలబెట్టావు. "బావా, నువ్వు ఊ అంటే చాలు, ఐదేండ్లు మనవే" అన్నావు. కాదనే ఓపిక అప్పుడు నాకు లేదు. జనం నాకు వేయలేదు, ఆమె ఫోటోకు వేశారు.

నీకు చెప్పని మాట ఒకటుంది. పుష్ప గెలిచిన కొత్తలో తోటి మహిళా మెంబర్ల బదులు వాళ్ల మొగుళ్లే మీటింగుల్లో కూర్చునేవాళ్లు. నేను ఆమెను బండి మీద వనపర్తి మీటింగుకు తీసుకెళ్లి, బయట టీ కొట్టు దగ్గర ఆగేవాణ్ణి. ఒక్కనాడూ లోపలికి పోలేదు. "మా ఆయనకు నా కుర్చీ మీద మోజు లేదు" అని నలుగురిలో నవ్వేది. నాకున్న గర్వం అదొక్కటే. మొన్న ప్రమాణం చేసి అదే కుర్చీలో కూర్చున్నాను. పక్క మెంబరు ధనలక్ష్మి గారు "ఆఖరికి మీరు గూడ వస్తిరా అన్నా" అన్నారు, నవ్వుతూనే. ఐదేళ్లు ఇట్లా కూర్చోలేను. క్షమించు.

మీ బావ,
ఇమ్మానుయేల్

---

పెద్దమందడి,
ఫిబ్రవరి 12

రవీ,

"నీకు దిమాగ్ ఖరాబైందా బావా" అన్న నీ జవాబు అందింది. జర ఆగు. రాజీనామా ఇవ్వలేదు.

ఇద్దామనే పోయాను. ఆఫీసులో సూపరింటెండెంట్ రాములు కాగితం చదివి కళ్లజోడు తీశాడు.

"ఐదేండ్లు మోయలేనని రాసిండ్రు. మీకు ఐదేండ్లు ఎవరిచ్చిండ్రు సారూ?"

"గెలిచాను కదా."

"గెలిచింది ఉపఎన్నిక. పరిషత్ మొదటి మీటింగు నుంచే ఐదేండ్ల లెక్క. జులై నాలుగుకు అందరిదీ ఒక్కసారే ఒడుస్తది, అయిపాయె. మీకంటూ వేరే కాలం లేదు. మేడంకు మిగిలిన ఐదు నెలలే మీవి. డిగ్రీ చదివిండ్రు, గింత తెల్వదా?"

నిజంగానే తెలియదు. నువ్వు చెప్పావు, నేను నమ్మాను. ఇద్దరికిద్దరం సరిపోయాం.

"మేడం అడిగిన దవాఖాన బోరు ఫైలు గిట్లనే ఉంది. మీరన్న జర వెంట పడుండ్రి" అన్నాడు. ఫైలు తెరిస్తే ఆమె సంతకం. అప్పుడర్థమైంది. ఆ కాలం ఇంకా ఆమెదే. నేను ఆమె నోరు మూసి కూర్చున్న మొగుణ్ణి కాను. ఆమె ఒడవని పని ఒడగొట్టేవాణ్ణి. రాజీనామా అక్కడే చించేశాను. మిగిలినవి రెండు మీటింగులు. రెండింటికీ పోతాను. జులై తర్వాత మాత్రం నన్ను నిలబడమని అడగకు.

తిరుగు బస్సులో నిద్రపట్టింది. ఆమె పోయాక అంత నిద్ర ఎరగను. మన ఊరు దాటిపోయింది. కండక్టర్ తిట్టి లేపితే తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. దోవలో, చాన్నాళ్లకు, ఆకలేసింది.

మీ బావ,
ఇమ్మానుయేల్